పసుపు గొంతు పిచ్చుక, చిల్లు పడిన కోటు

సూదిపిన్నిది రఫూ పని. చిరిగిన బట్ట అంచులోంచే దారం లాగి, చిరుగెక్కడుందో ఎవరూ పట్టుకోలేనట్టు అల్లుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ కళ్లే ఆమెకు అన్నం పెట్టాయి. ఆ కళ్ల మీదే దెబ్బ కొట్టాడు అక్క మొగుడు.

ఒకనాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కుళాయి మీద ఓ పిచ్చుక వాలింది. రోజూ చూసేది కాదు. వీపు మీద చారల్లేవు, భుజాన ఇటుకరంగు, గొంతు కింద పసుపు చుక్క. రెప్పపాటులో ఎగిరిపోయింది. పిన్ని లోపలికి పరుగెత్తి, ఆ రంగులు కళ్లలో ఉండగానే దారాలు ఏరి అట్టముక్కకు చుట్టేసింది.

బావగారు రిటైరైన సైన్సు మాస్టారు. పక్షుల సంగతి తనకే తెలుసని ధీమా. "పసుపు గొంతు పిచ్చుకా? రంగు డబ్బాలో పడి లేచిందేమో! కళ్లజోడు మార్చు మరదలా" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. అంతటితో ఊరుకోక, ఆమె పనిచేసే టైలర్ షాపులోనూ ఇదే చెప్పుకొచ్చాడు. ఓనరుకు అనుమానం పట్టుకుంది. మర్నాటి నుంచి రఫూ పని మాన్పించి, గుండీల డబ్బా చేతికిచ్చాడు. పిన్ని ప్రతి గుండీనీ బావగారి ముక్కే అనుకుని పొడిచేది.

నెల తిరక్కుండా అక్క బావగారి కోటు పట్టుకొచ్చింది.

"పురుగు కొట్టేసిందే. ఎల్లుండి పక్షుల సంఘంలో మీ బావ ఉపన్యాసం. చిల్లు ఆయనింకా చూళ్లేదు. చూస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు."

"కోటు తీసుకెళ్లడానికి షాపుకి ఆయన్నే పంపక్కా" అంది పిన్ని.

ఉపన్యాసానికి వెళ్తూ బావగారు పక్షుల పుస్తకం చంకన పెట్టుకుని షాపుకి వచ్చాడు. షాపు నిండా జనం.

"పిచ్చుకల పేజీ తియ్యండి బావగారూ" అంటూ పిన్ని అట్టముక్క తీసి బొమ్మ పక్కన పెట్టింది. ఇటుకరంగూ పసుపూ అచ్చు దిగినట్టున్నాయి. ఓనరు వంగి చూశాడు.

"పుస్తకం చూసే చుట్టుంటావ్" అన్నాడు బావగారు.

"అది మీ బీరువాలో తాళం వేసుంటుందిగా? సరే, పోనివ్వండి. ఈ కోటుకి పురుగు కొట్టింది. రఫూ చేశాను. ఎక్కడో చూపించండి."

ఆయన మొహం మాడిపోయింది. కోటు వెలుతురుకు పట్టాడు, తిరగేశాడు, వేళ్లతో తడిమాడు. ఓనరూ వెతికాడు. గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని ఆ నవ్వును తనివితీరా విన్నది.

"ఎక్కడో నువ్వే చెప్పమ్మా, టైమైపోతోంది" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నా కళ్లు పోయాయి కదా బావగారూ, నాకెలా కనబడుతుంది?"

ఓనరు రఫూ మూట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పిన్ని గుండీల డబ్బా తీసి బావగారి చేతిలో పెట్టింది.