మల్లేశం పెద్దబాపు ఇచ్చిన చేపలు

చింతపండూ ఉప్పూ కలిపి రాగిచెంబు తోముతుంటే ఒక పుల్లటి లోహపు వాసన లేస్తుంది, అది వేళ్ళకు పట్టిందంటే సబ్బు పెట్టినా సాయంత్రందాకా వదలదు. నిన్న దసరా పనుల్లో మా నాయనమ్మ నాటి చెంబును నేను తోముతూ ఆ వాసన పీల్చి, ఎప్పటిలాగే దాని అడుగునా అంచునా పచ్చమరక ఏమైనా మిగిలిందా అని వెలుతురుకు పెట్టి చూశాను. నేను అనుమానం మనిషిని. పాలపాకెట్ చింపగానే రెండుసార్లు వాసన చూస్తాను, తాళం వేసి నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కి లాగి చూస్తాను, ఎవరైనా మామూలుకంటే ఎక్కువ ప్రేమగా పలకరిస్తే ఎందుకబ్బా అని రోజంతా ఆలోచిస్తాను. మా ఆయన నవ్వుతాడు కానీ, ఈ విద్య నేను ఎక్కడ నేర్చానో ఆయనకు తెలియదు. శాలిబండలో మా ఇంటి ముందుగదిలో, రెండడుగుల గాజుతొట్టి ఎదుట పీట వేసుకుని కూర్చుని నేర్చాను.

ఆ సందులో ఏ నెల నడుస్తోందో క్యాలెండరు చూడకుండా ముక్కుతో చెప్పేవాళ్ళం. ఎండాకాలం ప్రతి మేడమీదా ఆరబెట్టిన మామిడిముక్కల ఉప్పు వాసన, రంజాన్ నెలలో మూలమీది హలీం బట్టీ పొగ, ఆషాఢంలో బోనాలకు కట్టిన వేపమండలు, వానలు పడితే సందు చివరి బర్రెల కొట్టం నుంచి తడి గడ్డీ పేడా, బతుకమ్మ వచ్చిందంటే ఇంటింటా వేయించే నువ్వులూ సత్తుపిండీ. ఇన్నిటి మధ్య మా ముందుగదిలో మాత్రం ఏడాది పొడుగునా సముద్రం వాసన వచ్చేది. సముద్రం ఎలా ఉంటుందో మా సందు పిల్లల్లో ఒక్కరమూ చూడలేదు. పాకెట్లలో వచ్చే ఉప్పును ఫిల్టరు నీళ్ళలో కలిపి, ఉప్పెంతుందో చెప్పే గాజుపుల్ల తేలించి కొలిచి, మేం బాపు అని పిలిచే మా నాన్న ఇంట్లోనే దాన్ని తయారుచేసేవాడు.

బాపు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. ఆయనకు ఈ పిచ్చి అంటించింది మల్లేశం పెద్దబాపు. రక్తసంబంధం ఏమీ లేదు, బాపు ఆయన్ను అన్నా అంటాడు కనుక మాకు పెద్దబాపు, అంతే. ఎనిమిది బర్రెల కొట్టం ఆయనది, సందులో సగం ఇళ్ళకు పాలు ఆయనవే. ఆ కొట్టం వెనక గడ్డి పెట్టుకునే గదిలో, రేకుల కప్పు కింద, వరసగా ఆరు గాజుతొట్లు పెట్టి క్లౌన్‌ఫిష్‌లను గుడ్లు పెట్టించి పెంచేవాడు. మేము దాగుడుమూతలాడుతూ గడ్డిమోపుల వెనక నక్కితే, అటువైపు నీలం లైటు కింద నారింజరంగు పిల్లచేపలు తెల్లచారలతో తిరుగుతుండేవి, ఆ చేపల్ని చూస్తూ ఉండిపోయి నేను ప్రతిసారీ దొరికిపోయేదాన్ని.

నాకు ఆయన చేతులు బాగా గుర్తు. పొదుగు ముట్టేముందు కడిగేవాడు, పాలు పోశాక కడిగేవాడు, చేపల గదిలోకి పోయేముందు గోళ్ళసందులు పుల్లతో తీసి మరీ కడిగేవాడు, ఎప్పుడు చూసినా ఆ చేతుల చర్మం నీళ్ళలో నానినట్టే ఉండేది.

ఆయన మాకొక జంటను ఇచ్చాడు. వీటిలో ఆడది పెద్దది, మగది చిన్నది, ఆడది ఎదురొస్తే మగది పక్కకు ఒరిగి వణుకుతూ నిలబడుతుంది. నాయనమ్మ ఆడదానికి దొరసాని అనీ మగదానికి ఇల్లరికం అల్లుడు అనీ పేర్లు పెట్టింది. తొట్టిలో బోర్లించిన సగం కుండపెంకు మీద దొరసాని గుడ్లు పెట్టి తన దారిన తాను పోతే, పొద్దస్తమానం రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్లు ఏరేస్తూ కాపలా కాసేది అల్లుడే. "సూడు కొడకా, గాయన్ను జూసి నేర్సుకో," అని నాయనమ్మ బాపును ఎత్తిపొడిచేది, అమ్మ వంటింట్లోంచి నవ్వేది.

గుడ్లు పెట్టిన ఎనిమిదోరోజుకు ఒక్కో గుడ్డులో రెండు వెండి కళ్ళు మెరిసేవి. ఆ సాయంత్రం పెంకును చిన్న తొట్టిలోకి మార్చి, చుట్టూ నల్ల చార్టు అతికించి, లైటు ఆర్పితే, మేం అన్నం తిని వచ్చేసరికి పిల్లలు బయటికొచ్చేవి. కళ్ళూ తోకా తప్ప ఇంకేమీ కనబడనంత పిల్లలు. వాటికి కంటికి ఆనని పురుగులే మేత, ఆ పురుగులకు పచ్చటి నాచునీళ్ళు మేత. రెండూ మల్లేశం పెద్దబాపు సాయంత్రం పాలు పిండడం అయ్యాక సీసాలో తెచ్చి పోసేవాడు. పదిరోజులు గట్టెక్కి ఒంటిమీద తొలి తెల్లచార వచ్చిందంటే ఇక బతికినట్టే అనేవాడు.

మా ఇంట్లో ఆ చార రాలేదు. మొదటి కాన్పు పిల్లలు మూడోరోజుకు అడుగున తెల్లటి నలుసులై పడి ఉన్నాయి. రెండోదీ అంతే. దొరసానీ అల్లుడూ మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. దాంతో ఇంట్లో తలా ఒక అనుమానం మొదలైంది. నాయనమ్మ దిష్టి అని తొట్టి స్టాండుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అమ్మ అగరొత్తుల పొగను అనుమానించి పూజ వెనకగదికి మార్చింది. బాపు ముందు గాలి మోటారును, తర్వాత ఉప్పు అమ్మిన షాపువాణ్ణి అనుమానించాడు. ఆ తర్వాత ఒకరోజు చాయ్ తాగుతూ మెల్లగా, "అదే సీసల మేత ఆయన తాన పిల్లలు తిని బతుకుతున్నయ్, మన తాన సస్తున్నయ్. ఇంకోడు పెంచుడు ఆయనకు ఇష్టం లేనట్టుంది," అన్నాడు. ఆ రోజు నుంచి పెద్దబాపు వచ్చినప్పుడు పీట వేసుకుని ఆయన ఏం చేస్తాడో చూడటం నా డ్యూటీ అయింది. నాకు తొమ్మిదేళ్ళు. ఇంత పెద్ద పని అప్పగించారని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

నాకు అంతకుముందే ఇంకో పనుండేది. గాలికి నీళ్ళు తగ్గుతాయి కనుక రోజూ బడికి పోయేముందు చిన్న తొట్టిలో కాసిన్ని ఫిల్టరు నీళ్ళు పోసి కలపాలి. అందుకు బాపు నీలం ప్లాస్టిక్ మగ్గొకటి వెనకగదిలో పెట్టాడు. మన రాగిబిందె నీళ్ళు అమృతమని నాయనమ్మ రోజూ నాచేత తాగించేది. మగ్గు కోసం వెనకగదికి పోవడం బద్ధకమో, పసిపిల్లలకు అమృతం పోయాలన్న ప్రేమో, రెండూ కలిసో, నేను బిందెలో నీళ్ళు రాగిచెంబుతో ముంచి పోసేదాన్ని. అదే చెంబును తొట్టిలోకి దించి గరగరా కలిపేదాన్ని. తొందరుంటే దాన్ని ఆ ఉప్పునీళ్ళలోనే వదిలేసి బడికి ఉరికేదాన్ని.

మూడో కాన్పు బోనాలు పోయిన వారానికి వచ్చింది, రెండోరోజు సాయంత్రానికే సగం అడుగున పడ్డాయి. ఆ సాయంత్రం పెద్దబాపు వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చుని, వేలు ముంచి నాలుకకు రాసుకుని రుచి చూశాడు. పాలకు నీళ్ళు కలిసిందీ లేనిదీ కూడా ఆయన అలాగే చూసేవాడు. బాపు వైపు తిరిగి, "తమ్మి, గీ నీళ్ళల్ల ఏం కలుపుతున్నరు?" అన్నాడు.

బాపు మొహం మారింది. తనమీదికే తప్పు తోస్తున్నాడనుకున్నాడు. "మేమేం కలుపుతలేమన్నా. నువ్వు చేతులు కడుక్కొనే ముంచినవా?"

అమ్మ చాయ్ కప్పులతో గడపలోనే ఆగిపోయింది. పెద్దబాపు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత స్టాండుమీద నేను వదిలేసిన చెంబు ఆయన కళ్ళబడింది. దాన్ని తీసి లోపలికి చూశాడు, అంచున పట్టిన పచ్చమరకను బొటనవేలితో గీకాడు, తలెత్తి నావైపు చూశాడు. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను. ఆయన చెంబు కింద పెట్టి లేచి, "చాయ్ వద్దు చెల్లె, పాలు పిండాలె," అని వెళ్ళిపోయాడు. పాలు పిండడం ఎప్పుడో అయిపోయిందని అక్కడున్న అందరికీ తెలుసు.

మర్నాడు బడికి పోతుంటే కొట్టం ముందు నన్ను పిలిచాడు. కోప్పడతాడేమోనని పుస్తకాల సంచి గుండెకు అదుముకున్నాను. "బిడ్డా, ఉప్పునీళ్ళు రాగిని తింటయ్. గా ఇసం పెద్ద చేపలు తట్టుకుంటయ్ గని పసిపిల్లలు తట్టుకోవు. ఇంక చెంబు ముంచకు. బాపుకు నువ్వే చెప్పు, నేను చెప్తే ఇంట్ల లొల్లయితది," అన్నాడు. సరేనని తలూపాను.

నేను చెప్పలేదు. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాను, బాపు షిఫ్టు నుంచి చిరాగ్గా వచ్చాడు. తెల్లారి చెబుదామనుకున్నాను, నాయనమ్మ పక్కనే ఉంది. మూడు కాన్పుల పిల్లల్ని చంపింది నువ్వా అని బాపు అడిగితే ఏమనాలో తెలియక, మిగిలిన పిల్లలూ పోయాక ఎవరూ చూడకుండా చిన్న తొట్టిని మూడుసార్లు కడిగి, వెనకగది నుంచి నీలం మగ్గు తెచ్చి వాడటం మొదలుపెట్టాను. పెద్దబాపు మా ఇంటికి రావడం మానేశాడు, మేత కోసం బాపు ఆయన ఇచ్చిన పాత సీసాలోంచే కొంత తీసి, పురుగుల్ని కిటికీలో తనే పెంచుకున్నాడు.

బతుకమ్మకు నేను తంగేడుపూలు పేరుస్తున్నప్పుడు బాపు ముందుగదిలోంచి పిలిచాడు. నాలుగో కాన్పులో పదోరోజు పిల్లలు, ఒక్కోదాని తల వెనక సన్నటి తెల్లచార. అమ్మ మలీద ముద్దలు పంచింది, సందులోవాళ్ళంతా వరసగా వచ్చి చూశారు. వచ్చిన ప్రతివాళ్ళతో బాపు ఒకటే మాట అన్నాడు. "మల్లేశన్న చెయ్యి పడుడు ఆగింది, పిల్లలు బతికినయ్." నేను మలీద ముద్ద నోట్లో పెట్టుకుని విన్నాను. చాలా తియ్యగా ఉంది.

ఆ మాట మా గడప దాటి నడిచింది. చేపల సంగతి సందు చివరికి చేరేసరికి పాల సంగతి అయింది. చేతులు కడగకుండా పిండుతాడట అని ఒక ఇల్లు పాకెట్లకు మారింది, తర్వాత దాని పక్కిల్లు, చివరికి మేమూ. రోజుకు ఇరవైసార్లు చేతులు కడిగే మనిషి గురించి ఆ మాట అంటుంటే నేను విని ఊరుకున్నాను. రెండేళ్ళకు ఆయన బర్రెల్ని అమ్మేసి ఊరి బయటికెక్కడికో పోయాడు. అప్పుడు అందరూ పాకెట్లకే మారుతున్నారు, ఎలాగూ పోయేవాడేమో. నాకు నేను అలాగే చెప్పుకుంటాను కానీ, ఆ మాటను కూడా నేను పూర్తిగా నమ్మను.

ఇప్పుడు మేం మాదన్నపేటలో ఉంటున్నాం, బాపు మాతోనే ఉంటాడు. నిన్న నేను చెంబు తోముతుంటే ఆయన మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేపల కథ మొదలుపెట్టాడు. దొరసాని కథ అయింది, అల్లుడి కథ అయింది, చేతులు కడగని పాలాయన దగ్గరికొచ్చాడు. నేను చింతపండు చేతులతోనే వచ్చి నిలబడి మొత్తం చెప్పేశాను. బాపు నా చేతిలోంచి చెంబు తీసుకుని అంచు తడిమాడు. "మరప్పుడెందుకు చెప్పలే?" అన్నాడు. భయపడ్డానన్నాను. "కనీసం ఆయనన్నా నాకు చెప్పకపాయె," అన్నాడు, అని తనే ఆగిపోయాడు. పెద్దబాపు ఎవరికోసం చెప్పలేదో ఆయనకు అర్థమైనట్టుంది.

సాయంత్రం చొక్కా వేసుకుని, శాలిబండ పోదాం పద అన్నాడు. ఆటో మా పాత సందు చివర దింపింది. కొట్టం లేదు, నీళ్ళతొట్టి లేదు, గడ్డిగది లేదు, తడి పేడ వాసన అసలే లేదు, సిమెంటూ పెట్రోలూ తప్ప ముక్కుకు ఏదీ అందలేదు. అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, బర్రెలు కట్టేసిన చోట కార్లు నిలబడి ఉన్నాయి. బాపు గేటు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడితే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, అనుమానంగా ఎగాదిగా చూసి, ఎవరు కావాలన్నాడు.

"మల్లేశన్న," అన్నాడు బాపు.

"ఏ ఫ్లాటు?"