గడియారాలాయన కుందేళ్లు

గడియారాలాయన కుందేలు పిల్లల్ని ఆయన అత్తగారే పొట్టన పెట్టుకుంటోందని వీధి వీధంతా చెప్పుకునేది. డాబా మీది గది అద్దెకిచ్చుకోవాలని ఆవిడకు ఒకటే దుగ్ధ అట. అందుకే గదికి తాళం బిగించి, పసికూనల్ని పస్తులు పెట్టి చంపుతోందట. ఇస్త్రీ చేసే ఆమె అయితే కళ్లారా చూసినట్టే చెప్పేది. ఆమె చూసింది తాళం ఒక్కటే.

సెల్‌ఫోన్లు వచ్చాక చేతి గడియారాలు బాగుచేయించుకునేవాళ్లు కరువై, ఆయన దుకాణం మూతపడింది. అత్తగారింట్లోనే కాపురం కనుక, ఆవిడ డాబా గదిలోనే కుందేళ్ల పెంపకం పెట్టాడు. కళ్లు మూసి తెరిచేలోగా ఇల్లు నింపేస్తాయని అమ్మినవాడు చెప్పాడు మరి.

మొదట్లోనే బోల్తాపడ్డాడు. మగదాన్ని తీసుకెళ్లి ఆడదాని బోనులో వదిలాడు. ఆడది తరిమి తరిమి మగదాని చెవి కొరికింది.

"ఆడదాని కొంపకు కాపురానికెళ్తే మగాడి గతి ఇంతే నాయనా," అంది అత్తగారు.

"నన్నేనా అత్తయ్యా?"

"అయ్యో, కుందేలుని! నీ చెవులు బాగానే ఉన్నాయిగా."

మర్నాడు ఆడదాన్నే మగదాని బోనులోకి పంపితే పని సజావుగా జరిగింది.

నెల తిరిగేసరికి ఈనింది. తన పొట్ట మీది బొచ్చు తనే పీకి పెట్టెలో పరిచి, పిల్లల్ని అందులో కప్పెట్టి, ఇవతలికొచ్చి మూలన కూర్చుంది. పగలంతా అటు తొంగి చూడలేదు. గడియారాలాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. కదలకుండా ఉన్నదాన్ని విప్పి చూడటం ఆయన చేతికి అలవాటు. బొచ్చు తొలగించి, కంటికి భూతద్దం తగిలించుకుని, ఒక్కో పిల్లనూ నాజూగ్గా తిప్పి చూశాడు. కళ్లలో మందు వేసే గొట్టంతో గోరువెచ్చటి ఆవుపాలు పట్టాడు. పొట్టలుబ్బి ఒక్కొక్కటే చల్లబడ్డాయి.

"తల్లా అది? రాక్షసి!" అన్నాడు. రెండో ఈతకు ఇంకాస్త జాగ్రత్తపడి ఇంకాస్త ఎక్కువగా పట్టాడు. అవీ దక్కలేదు.

"ఈసారి కూడా పోతే బోనులు తీసేద్దామండీ," అంది భార్య. ఆయన పాలు పట్టే గొట్టం కడిగి ఆరబెట్టుకున్నాడు. ఇదీ పోతే ఆ చేతులకు ఇక వేరే పని లేదు.

మూడోసారి ఈనిన రోజునే అత్తగారు గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"పాలు పట్టాలి అత్తయ్యా! చచ్చిపోతాయి!"

"తల్లి పట్టేసింది. తెల్లారేముందు బట్టలారేయడానికి వచ్చినప్పుడల్లా చూస్తున్నాగా. పెట్టెలోకి దూకుతుంది, చిటికెలో పట్టేసి బయటికొస్తుంది. రోజుకి ఒక్కసారే. నీలాగా అయినదానికీ కానిదానికీ మూత తీయదు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. భూతద్దం పెట్టుకుంటే నీకు చెవులు కూడా మూసుకుపోతాయి."

తల్లికి గడ్డీ నీళ్లూ ఆవిడే పెట్టి వచ్చేది. ఆయన మాత్రం కాలుకాలిన పిల్లిలా మెట్ల మీద తిరిగాడు. తలుపుకు చెవి ఆనించి కళ్లు తుడుచుకున్నాడు. వీధి అదంతా చూసి, మిగతాది తనే అల్లుకుంది.

చివరికి ఒక ఉదయం ఆవిడ తాళం తీసింది. పిల్లలు కళ్లు తెరిచి, పెట్టెలోంచి ఒకదాని మీదొకటి దొర్లుకుంటూ బయటికొచ్చాయి.

"తాకనా?" అన్నాడాయన.

"తాకు. ఇప్పుడవి నీకంటే గట్టివి."

బట్టలకోసం వచ్చిన ఇస్త్రీ ఆమె వాటిని చూసి గొంతు తగ్గించింది: "ఆవిడ కళ్లుగప్పి ఎలా దక్కించుకున్నావు బాబూ?"

గడియారాలాయన నేల చూపులు చూశాడు. అత్తగారు ఏమీ విననట్టే బట్టల మూట అందించింది.

మొదటి రెండు ఈతల పిల్లల్నీ చంపింది గడియారాలాయన పట్టిన పాలే.