చైనా పిల్ల వాళ్లమ్మ

నా చిన్నప్పుడు, చైనా పిల్లలు రాత్రికి రాత్రే మూరెడు పొడుగు పెరుగుతారని గట్టిగా నమ్మేదాన్ని. ఆ విజ్ఞానం నాకు పక్కగది అక్క ప్రసాదించింది.

బహ్రెయిన్‌లో, మహూజ్‌లోని ఒక ఫ్లాటును రెండు కుటుంబాలు పంచుకునేవాళ్లం. ఒక గది మాది, ఒకటి అక్కావాళ్లది, వంటిల్లు ఉమ్మడి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ పురిటికని జగిత్యాల దగ్గర పుట్టింటికి వెళ్లింది. బడి పోతుందని నన్ను మా బాపు దగ్గరే ఉంచింది. తమ్ముడికి మూడు నెలలు నిండగానే వస్తానంది. తమ్ముడు బోర్లా కూడా పడ్డాడు కానీ అమ్మ రాలేదు. డ్రైవరు పని చేసే మా బాపుని ఎప్పుడడిగినా "కాగితాలు నడుస్తున్నయి" అనేవాడు. అవి నడిచే తీరు చూస్తే సముద్రం మీదుగా నడిచి వస్తున్నట్టుండేది.

నేను అన్నం మానేశాను. అప్పుడు అక్క, తాను పనిచేసే సీఫ్‌లోని దుకాణంలో తోటి చైనా ఆమెను అడిగి సీరియల్ సీడీలు తెచ్చింది. తెర కింద ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అయినా అక్క నాకు ముద్దలు పెడుతూ, ఆ భాష పుట్టుకతో వచ్చినట్టే కథ చెప్పేది. అందులో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది.

"వాళ్లమ్మ దూరం పోయింది బిడ్డా. ఆఖరి సీడీల వస్తది. మీ అమ్మ గూడ అప్పటికి వస్తది. నోరు తెరువు."

సీడీలు అయిపోయాయి. ఇద్దరమ్మల్లో ఏ ఒక్కరూ రాలేదు. అక్క ఇంకో కట్ట తెచ్చింది. పిల్ల అదే, మూరెడు పొడుగైంది. "చైనోళ్లు గంతే, జల్ది పెరుగుతరు" అంది అక్క. మూడో కట్టలో పిల్ల పట్టుబట్టలతో పల్లకీ ఎక్కింది. "మంచి నౌకరీ దొరికింది." నాలుగో కట్టలో కత్తి పట్టుకుని ఇళ్ల కప్పుల మీద ఎగిరింది. "అమ్మను ఎతుకుతుంది." పాపం ఆ నటి చిన్నతనం నుంచి పదేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరంతా, మా అమ్మ రాకను వాయిదా వేయడానికి ఒక్క ఎండాకాలంలో ఖర్చైపోయింది.

ఒక శుక్రవారం చైనా ఆమె సీడీలు తీసుకోవడానికి వచ్చింది. ఆ పిల్ల వాళ్లమ్మ ఎన్నో సీడీలో వస్తుందని బడిలో నేర్చిన హిందీలో అడిగాను. ఆమె నవ్వి, దుకాణంలో అబ్బిన ముక్కల హిందీలో, వేళ్లు చూపిస్తూ చెప్పింది. అవి నాలుగు వేరువేరు కథలట. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ నటిస్తోందట. మొదటి కథలో తల్లి సంగతి అడిగితే చెయ్యి ఊపేసింది.

"మాఁ ఖలాస్. పెహలా సీడీ."

గల్ఫులో ఖలాస్ అంటే ఏమిటో ఎనిమిదేళ్లవాళ్లకూ తెలుసు. వాళ్లమ్మ మొదటి సీడీలోనే చచ్చిపోయింది.

"మా అమ్మ గూడ రాదా?" అన్నాను. టీ కప్పులు పట్టుకున్న అక్క మా బాపు వైపు చూసింది. బాపు నేల చూస్తూ చెప్పాడు.

"మనకు వీసాలిచ్చే కఫీల్ మీ అమ్మ వీసా మళ్ల జెయ్యనన్నడు బిడ్డా. రెండు నెలలాయె. బడి అయిపోంగనే నిన్నే పంపుత."

"ఏడుస్తవని చెప్పలే" అంది అక్క.

ఆ ఫ్లాటులో ఆ సంగతి తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. అక్కతో పదకొండు రోజులు మాట్లాడలేదు. నాకు జడలు వేసేది ఆవిడే కాబట్టి ఆ పదకొండు రోజులూ చిక్కులు పడ్డ నెత్తితోనే బడికి పోయాను. నా పోరాటం వల్ల నష్టపోయింది నా జుట్టు మాత్రమే.

అక్క నామీద ప్రేమతోనే చెప్పిందని ఇప్పుడు తెలుసు. అయినా మంట చల్లారలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు, అది వింటూ నేను కడుపునిండా తిన్నందుకు.

ఇప్పుడు మా ఇంట్లో చావుకబురుకైనా చమత్కారం అతికించేది నేనే. పోయిన నెల, దుబాయిలో ఉన్న మా ఆయనకు సెలవు దొరకలేదని ఫోను వచ్చింది. మా కూతురికి "వస్తడు, తొవ్వలున్నడు" అని చెప్పమంది మా అత్త. నేను దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ ఏడు మీ నాన్న రాడని చెప్పాను. అది గంటసేపు ఏడ్చింది. ఆ గంటా పక్కనే కూర్చున్నాను. ఒక్క జోకూ వేయలేదు.