కొండలరావు గారి ఆకాశం

కొండలరావు గారికి మబ్బుల మీద ప్రేమ, మనుషుల మీద కోపం. తార్నాకలో ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకున్నన్నాళ్ళూ ఈ రెండింటి మధ్య నలిగినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆయన యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పేవారు, నేనక్కడే చదువుకునేవాణ్ణి. తెల్లవారుతుండగానే కెమెరా, ముక్కాలి స్టాండు పట్టుకుని గల్లీ మధ్యలో నిలబడి, మౌలాలి గుట్ట మీద లేచే మబ్బుల్ని ఫోటోలు తీసేవారు. ఆ ఆకాశం ఆయన సొంతం. అందులోకి ఎవరొచ్చినా తిట్లే.

"ఏవయ్యా, నా ఆకాశంలోంచి తప్పుకో." పాల సైకిలు మీద వచ్చే పోచయ్యకి రోజూ ఇదే సుప్రభాతం.

పోచయ్య తలెత్తి పైకి చూసేవాడు. "నేను గాడ లేను సార్, గీడ రోడ్డు మీదున్న."

కాకి ఎగిరితే కాకిని తిట్టేవారు. లాలాపేట్ వైపు రైలింజను పొగ లేస్తే రైల్వేవాళ్ళని తిట్టేవారు. ఒకనాడు మబ్బు కుదురుకోకముందే సూర్యుడు వచ్చేస్తే, "ఈయనకంత తొందరేవిటి" అని ఆయన్నీ కోప్పడ్డారు. భార్య విశాలాక్షి గారు కాఫీ తెచ్చి ఎదురుగా నిలబడ్డా అదే మాట. ఆవిడ గ్లాసు గోడ మీద పెట్టి, "రేపట్నించి మీ ఆకాశాన్నే కాచి ఇమ్మనండి" అని లోపలికి వెళ్ళిపోయేవారు.

చినుకు పడితే కెమెరాకి గొడుగు పట్టడం నా పని. పడతావా అని నన్నెవరూ అడగలేదు.

"సత్తయ్యా, గొడుగు వంగింది."

"నిద్రొస్తున్నది సార్."

"మబ్బు లేచిందిగా. నీకేం రోగం?"

నాకు ఒళ్ళు మండిపోయేది. లెన్సుకి ఎర్ర అద్దం తగిలిస్తే ఆకాశం నల్లబడి మబ్బు తెల్లగా ఉబికి వస్తుందని రోజూ పాఠం చెప్పేవారు. నిద్ర లేక నా కళ్ళు ఎర్రబడ్డ సంగతి మాత్రం ఆయనకి కనబడేది కాదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం క్యాంపస్ అంతా అంటుకుంది. క్లాసులు మూతబడ్డాయి. ఊరేగింపులు చూసి కొండలరావు గారు మండిపడ్డారు. "ఆ జెండా కర్రలు అంత పొడుగెందుకు? నా మబ్బుల్లో గుచ్చుకుంటున్నాయి."

నా స్నేహితుడు బాలస్వామి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఉపన్యాసాలిచ్చి పోలీసుల కంట్లో పడ్డాడు. జూన్‌లో ఒక సాయంత్రం వచ్చి నా గదిలో దాక్కున్నాడు. దొరికితే జైలు, చదువు అంతటితో సరి.

"మీ సారు ఆంధ్రాయన. పట్టిస్తడేమోరా" అన్నాడు.

"ఆయనకు మనుషులు కనబడరు. నువ్వు పండుకో" అన్నాను. నాకూ లోపల భయంగానే ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే గుట్ట మీద మబ్బు లేచింది. నల్లగా, అంచులంతా ఎర్రగా కాగుతూ, ఆకాశంలో సగం ఆక్రమించింది. అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. సన్నగా చినుకులు. నేను గొడుగు పట్టాను. అప్పుడే గల్లీలోకి పోలీసు జీపు తిరిగింది.

కొండలరావు గారు జీపుకి అడ్డం వెళ్ళారు. "లైట్లు ఆర్పవయ్యా. పోలీసులైతే మాత్రం నా ఆకాశంలోకి వచ్చేస్తారా?"

ఇన్‌స్పెక్టరు దిగాడు. "ప్రొఫెసర్ సాబ్, మీ ఎనక గది తలాష్ చెయ్యాలె."

"పోలీసులు నా ఇంట్లోకా? రండి. పోలీసులంతా రండి. మబ్బు అయ్యాక రండి. ఇప్పుడే లెన్సు మూత తీశాను. ఆ బూట్లతో ఒక్కడు అడుగేసినా నేల అదిరి నా బొమ్మ చెదిరిపోతుంది."

'పోలీసులు' అన్నప్పుడల్లా ఆయన గొంతు హబ్సిగూడ దాకా వినబడేలా లేచింది. కానిస్టేబులు ఒకడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు.

"ఎంతసేపు సాబ్?"

"మబ్బునడుగు." తర్వాత నా మీద పడ్డారు. "గొడుగు వణుకుతోంది. వీడికి చేతకాదు. ఇన్‌స్పెక్టరు గారూ, మీరు పట్టుకోండి."

ఇన్‌స్పెక్టరు గొడుగు పట్టుకున్నాడు. వంగిందని రెండుసార్లు తిట్లు కూడా తిన్నాడు. మబ్బు ఎర్రబడి, పసుపెక్కి, చెదిరి, మామూలుగా తెల్లారిపోయింది. అప్పుడు ఆయన పక్కకి జరిగి, "ఇక వెతుక్కోండి" అన్నారు.

గది ఖాళీ. వెనక గోడకి వేసిన నిచ్చెన మీద విశాలాక్షి గారు తాపీగా కరివేపాకు కోస్తున్నారు. ఆవిడే బాలస్వామిని తట్టి లేపి, చేతిలో ఇడ్లీల పొట్లం పెట్టి గోడ దాటించారని తర్వాత తెలిసింది. జీపు వచ్చిన దారినే పోయింది.

నేను స్టాండు మడవబోతూ కెమెరా వైపు చూశాను.

"సార్, మూత తియ్యనే లేదు గదా."

"తీస్తే మనసు మబ్బు మీదికి పోతుంది. అరవడం మర్చిపోతాను." ఆయన ఖాళీ ఆకాశం వైపు చూసి, నిజంగానే, చాలా కోపంగా ఊపిరి వదిలారు. "గది ముందు రెండు జతల చెప్పులు విడిచి పెట్టుకుంటే నాకు కనబడదనుకున్నారా, వెధవల్లారా?"

నేను కెమెరా విప్పి, స్టాండు మడిచాను.

"ఆ బాలస్వామికి చెప్పు. ఇంకోసారి దాక్కోవాలనుకుంటే, మబ్బుల్లేని రోజు చూసుకుని రమ్మను."