ఆదివారం బస్సును తీసేసింది ఎవరు?

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్ర రవాణా శాఖలో నేను నెట్‌వర్క్ ప్లానర్‌ని. ఏ బస్సు ఏ వీధుల్లో, ఎంతసేపటికొకటి తిరగాలో రూపొందించడం నా ఉద్యోగం. మా వృత్తిలో రెండు మాటలు రోజూ వినిపిస్తాయి. జనం కిక్కిరిసి ఎక్కే దారిలో వెంటవెంటనే నడిపేది పేట్రనేజ్ రూట్. ఎక్కేవాళ్లు కొద్దిమందే అయినా ఒక పేటను గాలికి వదిలేయకూడదని నడిపేది కవరేజ్ రూట్. ఉన్న బస్సులు ఉన్నన్నే కాబట్టి ఒకదానికి పెంచితే రెండోదానికి తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మేం లెక్కగట్టి చెప్పగలం. ఎవరికి తగ్గించడం న్యాయమో చెప్పే కంప్యూటర్ మా ఆఫీసులో లేదు. అది ఓట్లు అడిగి గెలిచినవాళ్లు తేల్చాలి. తేల్చి, జవాబు కూడా వాళ్లే చెప్పాలి.

ఆ ఏడాది మేం రెండు నమూనాలు ఇచ్చాం. మొదటిది శివారు పేటలకు ఆదివారం బస్సులు ఉంచుతుంది. రెండోది వాటిని తీసేసి నగరం నడిబొడ్డుకు వెళ్లే దారిలో కలుపుతుంది. మంత్రి రెండోది ఎంచుకున్నాడు. ఎంచుకునే హక్కు ఆయనదే, దాన్ని నేను తప్పుపట్టను. జనం తిరగబడ్డాక మాత్రం, ఎవరడిగినా "నిపుణులు చెప్పినట్టు చేశాం" అనడం మొదలుపెట్టాడు.

ఇలాంటి మార్పులప్పుడు షాపింగ్ సెంటర్లలో డ్రాప్-ఇన్ సెషన్లు పెడతారు. మ్యాపులు పరిచిన బల్ల వెనక ప్లానర్లు నిలబడతారు, జనం వచ్చి తిట్టిపోతారు. మంత్రి రాడు. అలాంటి ఒక సెషన్‌లోనే సుజాత నా దగ్గరికొచ్చింది. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని. ఇంట్లో ఉన్న ఒక్క కారునూ తెల్లవారకముందే భర్త డ్యూటీకి తీసుకెళ్తాడు.

"నాది ఐతారం పొద్దుగాల షిఫ్ట్ అక్కా. టైముకు రాకుంటే వేరేటోళ్లకు ఇస్తమన్నరు. గా బస్సు ఎందుకు తీసేసిన్రు?"

తీసేయని నమూనా కూడా ఇచ్చామనీ, రెండూ మా శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చనీ, ఎంపిక మంత్రిదనీ చెప్పాను. ఆమె నమ్మలేదు.

"గాయన టీవీల మీరే చేసిన్రంటున్నడు. మీరేమో గాయన అంటున్నరు. నేను ఎవల్ని అడగాలె?"

కొన్ని వారాలకు మా తెలుగు సంఘం ఉగాది వేడుకకు అదే మంత్రిని ముఖ్య అతిథిగా పిలిచింది. మన సంఘాలకు ఇదొక వ్రతం. గద్దె మీద ఎవరుంటే వారికి శాలువా, పూలగుచ్ఛం, ఫోటో. ప్రశ్న మాత్రం ఉండదు. అతిథిని గౌరవించడం మర్యాద. పాలకుణ్ని ప్రశ్నించకపోవడం మర్యాద కాదు, దాస్యం. బస్సు పోగొట్టుకున్నవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండింది.

శాలువా కప్పడం అయింది. హాలు మధ్యలో సుజాత లేచింది. సంఘం అధ్యక్షుడు శ్రీనివాస్ గారు మైకు అందుకుని, "అమ్మా, పండగ ఫంక్షనమ్మా ఇది. అయ్యాక మాట్లాడుకుందాం, కూర్చోండి" అన్నారు.

"శాలువా కప్పేదాకా ఆగిన కదన్నా" అంది సుజాత. వెనక వరసల్లో నవ్వులు.

తర్వాత మంత్రి వైపు తిరిగి ఇంగ్లీషులో, తడుముకోకుండా అడిగింది: మా ఆదివారం బస్సు తీసేసింది ఎవరు?

మంత్రి నవ్వుతూనే తన పాత పాట పాడాడు. నిపుణుల సలహా అన్నాడు. పైగా, సంఘంవాళ్లు మొదట్లోనే నన్ను పరిచయం చేసి ఉండటంతో, నా వైపు చెయ్యి చూపించి, ఆ నిపుణుల్లో ఒకరు మీ తెలుగావిడే, మీరు గర్వపడాలి అన్నాడు. హాలంతా చప్పట్లు. నా జీవితంలో అంత చేదు చప్పట్లు వినలేదు.

నేను ప్రభుత్వోద్యోగిని. మంత్రి విధానాన్ని సభలో విమర్శించకూడదు. కానీ అందరి ముందూ ఉంచిన నిజాన్ని చెప్పకూడదని ఏ నిబంధనా లేదు. లేచి, ఇంగ్లీషులోనే అన్నాను: "మేం రెండు నమూనాలు ఇచ్చాం. ఒకదానిలో ఈమె బస్సు ఉంది. రెండూ మా వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకున్నది మేం కాదు."

సుజాత కూర్చోలేదు. "అయితే ఎవరు?" అని మళ్లీ అడిగింది. ఎంచుకున్నది తానేనని మంత్రి ఒప్పుకున్నాడు. కారణాలు కూడా చెప్పాడు. కొన్ని వినదగ్గవే. అవే కారణాలు మొదటి రోజునే చెప్పి ఉంటే ఆయన్ని నేనూ గౌరవించేదాన్ని.

సోమవారం మా మేనేజరు పిలిచి, మంత్రిని ఇబ్బంది పెట్టావు అంది. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏదో చూపించమన్నాను. ఆ తర్వాత డ్రాప్-ఇన్ సెషన్లకు నన్ను పంపడం మానేశారు. సంఘంలో కొందరు నాతో మాట్లాడటమూ మానేశారు. రెండూ నాకు నష్టం అనిపించలేదు.

నిపుణుణ్ని అడ్డం పెట్టుకునే పాలకుడు ఒకేసారి రెండింటిని దొంగిలిస్తాడు. శాస్త్రం మీద ఉన్న నమ్మకాన్నీ, ప్రజలకు ఉన్న అడిగే హక్కునీ. ఆ దొంగతనానికి మౌనంగా తోడుండటం వృత్తిధర్మం కాదని ఈ అనుభవం నాకు నేర్పింది.

బస్సు తిరిగి రాలేదు. సుజాత ఆదివారం షిఫ్టు పోయింది. ఇప్పుడామె ఆదివారాలు పొద్దున్నే తన పేటలో ఇంటింటి తలుపూ తడుతోంది, వచ్చే ఎన్నికల్లో ఈ మంత్రికి ఓటెందుకు వేయకూడదో చెప్పడానికి. మాది పక్క పేటే, పోయినవారం మా తలుపూ తట్టింది. ఉద్యోగం వల్ల నేను ఏ పార్టీకీ పనిచేయలేను, టీ మాత్రం ఇచ్చాను. ఇంత ఓపిక ఎక్కడిదని అడిగితే, కప్పు కింద పెట్టి అంది:

"ఐతారం డ్యూటీ లేదు కదక్కా. గీ తీరిక గాయన ఇచ్చిందే."