సుగుణ టీచర్ చూపించిన దుమ్ము

ఢిల్లీలో ఒక భూగర్భ మెట్రో స్టేషన్‌లో గాలి ఆడించే యంత్రాలు చూసుకునే ఉద్యోగం నాది. రైలు కనపడకముందే సొరంగంలోంచి గాలి తోసుకొస్తుంది. అందులో ఇనుప వాసన. చక్రాలు, పట్టాలు, బ్రేకులు అరిగి రాలే పొడి అది. కంటికి ఆనదు, ముక్కుకు తెలుస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, మా ఊరు మేళ్లచెరువు బడిలో మాకు సైన్సు చెప్పిన సుగుణ టీచర్ గుర్తొస్తారు.

ఆమెది కోస్గి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా బడికి బదిలీ మీద వచ్చారు. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. అమ్మ కూలికి పోయిన రోజు రెండేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి పోయేదాన్ని. ఇంకొకరైతే గుమ్మంలోనే తిప్పి పంపేవారు. ఆమె మాత్రం "వానికి గూడ ఓ పలక ఇయ్యుర్రి" అని నవ్వేవారు.

నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనది సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పని. దగ్గు తెగేది కాదు. మూతికి గుడ్డ కట్టుకొమ్మంటే వినడు. "గీ దుమ్ముల్నే పెరిగిన, గిప్పుడేం జేస్తది?" అనేవాడు. ఒకసారి టీచర్ ఆయన్ని బడికి పిలిపించారు. ఆ రోజు కూడా తమ్ముడు నాతోనే ఉన్నాడు. బాపు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. "కూసో అన్నా, వెలుతురు పాఠం జెప్తున్న, జర చూసి పో" అన్నారామె. కిటికీలన్నీ మూయించారు. రేకు తలుపు చిల్లులోంచి సన్నటి ఎండ గదికి అడ్డంగా పడింది. బాపు కూర్చోబోతూ అలవాటుగా తువ్వాల దులిపాడు.

అంతే, ఆ ఎండలో లెక్కలేనన్ని దుమ్ము రవ్వలు లేచాయి. ఒక్కటీ కింద పడదు. మెరుస్తూ, తిరుగుతూ, పైకి పోతూనే ఉన్నాయి. రోజూ మా మధ్యనే ఉన్నది అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. తమ్ముడు కేరింతలు కొడుతూ అందులోకి పోయి, నోరు తెరిచి, రెండు చేతులతో వాటిని పట్టుకోబోయాడు. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ రవ్వలు వాడి నోట్లోకి పోవడం అందరికీ కనపడింది.

"టీచరమ్మా, గిదంత నా ఒంటి మీదిదేనా?" అని అడిగాడు బాపు.

"అవునన్నా" అన్నారామె. తమ్ముణ్ణి ఎత్తుకుని కిటికీ తెరిచారు. ఇది జరుగుతుందని తెలిసే పిలిచారో, అలా కలిసొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు బాపు మూతికి గుడ్డ కట్టుకుని పనికి పోయాడు. సాయంత్రం తమ్ముడు కాళ్లకు చుట్టుకోబోతే, చేతులు రెండూ పైకెత్తి వెనక్కి జరిగాడు. "తానం జేసినంక ఎత్తుకుంట బిడ్డా." వాడు గుక్కపట్టి ఏడ్చాడు. బాపుకు కోపమొచ్చిందనుకున్నాను.

ఇప్పుడు నేను డ్యూటీ దిగి, ఒంటి మీద ఆ ఇనుప పొడితో ఇంటికొస్తే మా పాప చేతులు చాచి పాక్కుంటూ వస్తుంది. ముట్టుకోకుండా దాటుకుని స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంటాను. బయట దాని ఏడుపు. ఆ సాయంత్రం చేతులు దించకుండా నిలబడటానికి బాపు ఎంత ఓర్చుకున్నాడో, టీచర్ ఆయనకు ఏం చూపించారో, ఆ తలుపు వెనక నిలబడ్డాకే నాకు తెలిసింది.