పేడు లేని బెత్తం

పుంగనూరులో వడ్రంగి తాహిర్ ఏటా జూన్‌లో తప్పకుండా చేసే పని ఒకటుంది. మిగిలిన టేకు ముక్కను సన్నగా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పూసి, వీధి చివరి బడికి బెత్తంగా ఊరికే ఇచ్చి వస్తాడు. వాళ్ల నాయన నుంచి వచ్చిన అలవాటు. పిల్లల చేతికి పేడు గుచ్చుకోకూడదని అంత నునుపు చేస్తాడు. అదేదో పుణ్యకార్యమైనట్టు నలుగురికీ చెప్పుకునేవాడు కూడా.

ఈ ఏడు ఆ బెత్తమున్న తరగతిలోకి ఆయన కూతురు మునీరా వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రి చెక్క కొలుస్తుంటే టేపు మడిచేలోగా లెక్క చెప్పేసేది. అలాంటిది, ఆగస్టు వచ్చేసరికి నోరు మూతపడింది. పొద్దున లేస్తే కడుపునొప్పి. కుడిచెయ్యి గుప్పిట విప్పదు. అన్నం ఎడమచేత్తో తింటోందని తల్లి రజియా కసిరింది కూడా. లెక్కల్లో సున్నా వచ్చింది. తాహిర్ పిల్లను మదనపల్లెలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

"జబ్బేమీ లేదప్పా. బడిలో కొడతారా?" అని అడిగిందామె.

"కొడ్తారు మేడం. నేనిచ్చిన కర్రే. శానా నున్నగా ఉంటాది."

ఆ మాట తన చెవికే ఎబ్బెట్టుగా తగిలింది. డాక్టరమ్మ పిల్ల గుప్పిటను మెల్లగా విప్పి చూపించింది. అరచెయ్యి వాచి, కమిలిపోయి ఉంది. పేడు గుచ్చుకున్న గుర్తు మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రోజంతా తాహిర్ పని ముట్టుకోలేదు. పిల్ల ఇంక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందా అన్న భయం. మర్నాడు కూతురితో బడికి వెళ్లాడు.

లెక్కలు చెప్పే వెంకటముని సారు ఏమీ దాచలేదు. "ఏడో ఎక్కం దినామూ అడుగుతాండా, దినామూ కొడ్తాండా. అయినా రాలేదప్పా. ఇంగేం జేసేది?"

"రెండు నెల్లు కొడ్తే రానిది ఇంగా కొడ్తే వస్తాదా సార్? నా కర్ర నాకిచ్చేయండి."

సారు కాస్త నొచ్చుకున్నా తెచ్చి ఇచ్చాడు. తాహిర్‌కు ప్రాణం కుదుటపడింది. పిల్లకు ఎక్కం రాకేం, వచ్చని సారుకు అక్కడే చూపించాలనిపించింది. కూతురి వైపు తిరిగి, చేతనైనంత మెత్తగా అడిగాడు.

"మునీరా, ఏడెనిమిదులు ఎంతమ్మా?"

పిల్ల అతని మొహం చూడలేదు. అతని చేతిలోని కర్రను చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాపింది.

తాహిర్ కర్ర కింద పడేశాడు. ఆ చప్పుడుకు మునీరా ఉలిక్కిపడింది గానీ, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.